ఓడకీ ఒడ్డుకీ మధ్య



మేము కెనడా నుంచి తిరిగి వచ్చి మూడు వారాలైంది. ఎదురుపడిన ప్రతివాళ్ళూ "అక్కడ ఏం చూశారు అయ్యగారూ?" అని అడుగుతున్నారు. నయాగరా జలపాతం చూశారా అని అడిగినవాళ్ళే ఎక్కువ. చూడలేదు. మా అమ్మాయి ఉండే హాలిఫాక్స్ నుంచి నయాగరా అంటే ఇంచుమించు మన శ్రీకాకుళం నుంచి ముంబై అంత దూరం. మేము చూసింది ఒక రేవు పట్నం. దాన్ని మాకు చూపించింది ఒక వింత బండి. రోడ్డు మీద ఉన్నంతసేపూ బస్సు, నీళ్ళలోకి దిగితే పడవ. గంటకు కాస్త తక్కువసేపు అందులో కూర్చున్నాం. ఆ కాసేపట్లో మా మనసులో పడిన మాట ఒకటుంది. ఆదివారం ప్రసంగంలో చెబుదామంటే పొడుగైపోయింది, అందుకని ఇక్కడ రాస్తున్నాం.

ముందు బండి సంగతి చెబుతాం, ఎందుకంటే మన కుర్రాళ్ళు దాని గురించే ఎక్కువ అడిగారు.

దాన్ని అక్కడ హార్బర్ హాపర్ అంటారు, అంటే రేవులో గెంతేది అన్నమాట. దాని మీద కప్ప బొమ్మ ఉంటుంది. మన పిల్లల సైన్సు పుస్తకంలో కప్పను ఉభయచరం అంటారు కదా, నేల మీదా నీళ్ళలోనూ బతికేది, అందుకే ఆ బొమ్మ. దారిన పోయేవాళ్ళు చెయ్యి ఊపితే బండిలోవాళ్ళంతా కప్పలా అరవాలట. తెల్ల జుట్టు పెద్దమనుషులు కూడా పిల్లల్లా అరిచారు. మేమూ అరిచాం. మా అమ్మాయి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు విలువ ఎంతో ముందు ముందు చెబుతాం.

నవ్వుల బండే గానీ పుట్టింది మాత్రం యుద్ధం కోసం. 1960ల్లో అమెరికా సైన్యం చేయించిన లార్క్-5 అనే రకం అది. వియత్నాం యుద్ధంలో వాడారు. 5 టన్నుల బరువు మోస్తుంది. ఒళ్ళంతా అల్యూమినియం, నాలుగు పెద్ద పెద్ద చక్రాలు. కింద స్ప్రింగులు ఉండవు, టైర్లలోని గాలే స్ప్రింగు. అందుకే రోడ్డు మీద కొంచెం ఎగిరెగిరి పడుతూ పోతుంది. వెనక వైపు నీటి అడుగున ప్రొపెల్లర్ ఉంటుంది. ఎక్కడానికి మెట్లు ఎక్కి పైకి పోవాలి, అంత ఎత్తు.

ఇలాంటి బండి ఎందుకు కావలసి వచ్చిందో డ్రైవరు పక్కన నిలబడ్డ గైడు అమ్మాయి చెప్పింది. ఓడ ఎంత పెద్దదైనా జెట్టీ లేని తీరానికి రాలేదు. లోతు చాలదు, నేల తగులుతుంది. కాబట్టి దూరంగా లంగరు వేసి నిలబడుతుంది. ఓడ నిండా మందులు, తిండి, సామాను ఉంటాయి. ఒడ్డు మీద అవి లేక అల్లాడే మనుషులు ఉంటారు. రెండింటికీ మధ్య ఉండేది కొంచెం నీళ్ళు, కొంచెం బురద, కొంచెం ఇసుక. ఆ కొంచెమే దాటడం కష్టం. పడవ అయితే ఇసుకలో ఆగిపోతుంది, లారీ అయితే నీళ్ళలో మునిగిపోతుంది. అందుకని రెండూ అయిన బండిని చేశారు. ఓడ పక్కకు ఈదుకుంటూ వెళ్ళి సామాను ఎక్కించుకుని, ఒడ్డెక్కి, ఇసుక దాటి, అవసరం ఉన్న చోట దింపి మళ్ళీ వెనక్కి పోతుంది. సముద్రాలు దాటే పని దానిది కాదు, అది ఓడ చేస్తుంది. ఓడకీ ఒడ్డుకీ మధ్య మిగిలిపోయిన చివరి ముక్క మాత్రమే దాని పని.

ఈ మాట వినగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకో చివర్లో అర్థమవుతుంది.

బండి ముందు ఊరంతా తిప్పింది. హాలిఫాక్స్ కట్టింది 1749లో, ఇంగ్లీషువాళ్ళు. అంతకు ముందు నుంచీ ఆ నేల మిక్‌మా అనే ఆదివాసులది. వాళ్ళ భాషలో ఆ చోటుకు 'గొప్ప రేవు' అని అర్థం వచ్చే పేరుంది. నిజంగానే గొప్ప రేవు. అంత చలి దేశంలో కూడా చలికాలంలో గడ్డకట్టకుండా ఓడలకు దారి ఇస్తుంది. ఊరి మధ్య కొండ మీద నక్షత్రం ఆకారంలో ఒక కోట ఉంది. రోజూ మధ్యాహ్నం 12 గంటలకు అక్కడ ఫిరంగి పేలుస్తారు, క్రిస్మస్ రోజున తప్ప. కొండ దిగితే 1750లో కట్టిన సెయింట్ పాల్స్ గుడి. ఆ ఊళ్ళో ఇప్పుడు నిలిచి ఉన్న కట్టడాలన్నిటిలోకీ అదే పాతది. దాని కిటికీ అద్దం ఒకటి పగిలి ఉంది. పక్కకు తిరిగిన మనిషి తల ఆకారంలో పగిలింది. నూరేళ్ళు దాటినా ఆ ఆకారాన్ని అలాగే ఉంచారు. ఎందుకు పగిలిందో నీళ్ళలోకి దిగాక చెబుతానంది గైడు.

ఇక దిగే సమయం వచ్చింది. రేవు దగ్గర రోడ్డు వాలుగా నీళ్ళలోకే పోతుంది. పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని కుర్చీ కమ్మీ పట్టుకున్నారు. ఆవిడది సముద్రపు ఒడ్డు ఊరే, మీకు తెలుసు. చిన్నప్పుడు అలలో తిరగబడిన తెప్పను, ఆ తెప్ప మీద వెళ్ళి మళ్ళీ ఇంటికి రాని మనిషిని కళ్ళారా చూసినావిడ. మన తీరాన వేటకు పోయేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది: లోపలి సముద్రం పెద్దదే గానీ మనిషిని మన్నిస్తుంది, ఒడ్డు దగ్గర విరిగే అలే మన్నించదు. పది మైళ్ళు లోపలికి పోయి క్షేమంగా తిరిగొచ్చినవాడు కూడా ఊరు కనబడే చోట, పెళ్ళాం పిల్లలు చూస్తుండగా పోయిన రోజులున్నాయి. చివరి ముక్క అంత కష్టం.

బండి ఆగలేదు. రోడ్డు అయిపోయింది, ముందు చక్రాలు నీళ్ళలోకి పోయాయి, ముందు వైపు నుంచి పెద్దగా నీళ్ళు లేచాయి, అందరూ కేకలు వేశారు. ఒక్క క్షణం బరువుగా ముందుకు వాలింది. తర్వాత తేలింది. ఎగిరెగిరి పడడం ఆగిపోయి, ఉయ్యాలలా నెమ్మదించింది. అప్పుడు పాస్టరమ్మగారు కళ్ళు తెరిచి అన్న మొదటి మాట, "చక్రాలు ఇంకా తిరుగుతున్నాయా?" అని. మా పక్కన కూర్చున్న నర్సమ్మ పకపకా నవ్వింది. ఆవిడ గురించి కూడా చెబుతాం, కాస్త ఆగండి.

రేవులో నుంచి చూస్తే ఊరు వేరేలా కనిపిస్తుంది. ఒక పక్క జార్జెస్ దీవి, దాని మీద చిన్న దీపస్తంభం. ఒడ్డున పొడుగాటి పాత షెడ్డు, దాన్ని పియర్ 21 అంటారు. 1928 నుంచి 1971 దాకా ఓడల్లో కెనడాకు వలస వచ్చినవాళ్ళలో ఇంచుమించు పది లక్షల మంది అడుగు పెట్టింది అక్కడే. ఇప్పుడది మ్యూజియం. యుద్ధాల్లో ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళు, భాష రానివాళ్ళు, చంకలో పిల్లలతో దిగేవాళ్ళు. అధికారుల బల్లల దగ్గర కాగితాల పని అయ్యాక వాళ్ళ కోసం స్వచ్ఛందంగా వచ్చిన కొందరు నిలబడి ఉండేవారట. రెడ్ క్రాస్ వాళ్ళు, చర్చీలవాళ్ళు, యూదుల సహాయ సంఘాలవాళ్ళు. పసిబిడ్డను కాసేపు ఎత్తుకోవడం, వేడిగా తాగడానికి ఇవ్వడం, రైలు ఎక్కడ ఎక్కాలో చూపించడం, అదే వాళ్ళ పని. మహాసముద్రం దాటించింది ఓడ. ఓడ దిగిన చోటు నుంచి రైలు దాకా నడిపించింది వీళ్ళు.

అప్పుడు గైడు ఉత్తరం వైపు చెయ్యి చూపించింది. పెద్ద వంతెన అవతల రేవు సన్నగా అయిపోయే చోటు ఉంది, దాన్ని నారోస్ అంటారు. 1917 డిసెంబరు 6 ఉదయం అక్కడ రెండు ఓడలు ఢీకొన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. ఒకటి మోన్-బ్లాన్ అనే ఫ్రెంచి ఓడ, నిండా పేలుడు మందులు. రెండోది ఇమో అనే నార్వే ఓడ, బెల్జియంలో ఆకలితో ఉన్నవాళ్ళకు సహాయ సామాను తేవడానికి న్యూయార్క్ బయలుదేరింది. ఢీకొన్నాక మోన్-బ్లాన్‌కు నిప్పంటుకుంది. అది దాదాపు 20 నిమిషాలు కాలింది. ఓడలో ఏముందో ఊరివాళ్ళకు తెలియదు. పొగ, మంటలు చూడడానికి పిల్లలు, తల్లులు కిటికీల దగ్గరకు వచ్చారు. 9 గంటలు దాటి నాలుగైదు నిమిషాలకు ఓడ పేలింది. 1,700 మందికి పైగా చనిపోయారు, 9,000 మంది దాకా గాయపడ్డారు. పగిలిన కిటికీ అద్దాలు తగిలి వందలమందికి కళ్ళు దెబ్బతిన్నాయి. గుడి కిటికీ పగిలింది ఆ పేలుడుకే. మర్నాడు పెద్ద మంచు తుఫాను. ఇళ్ళు కూలినవాళ్ళ మీద, శిథిలాల కింద ఉన్నవాళ్ళ మీద మంచు పడింది.

ఆ రోజు ఒడ్డున ఉన్న రైల్వే ఆఫీసులో విన్సెంట్ కోల్‌మన్ అనే ఉద్యోగి ఉన్నాడు. కాలుతున్న ఓడలో మందుగుండు ఉందని ఆయనకు తెలిసింది. పారిపోవడానికి కాస్త సమయం ఉంది. కానీ సెయింట్ జాన్ ఊరి నుంచి ప్రయాణికుల రైలు ఒకటి హాలిఫాక్స్ వైపు వస్తోంది. అందులో 300 మంది దాకా ఉన్నారు. ఆయన టెలిగ్రాఫు బల్ల దగ్గర కూర్చుని రైలు ఆపమని, ఓడ పేలిపోతుందని పై స్టేషన్లకు కబురు కొట్టాడు. ఇదే తన ఆఖరి కబురు కావచ్చని కూడా చెప్పి సెలవు తీసుకున్నాడు. పేలుడులో ఆయన చనిపోయాడు. రైల్లోవాళ్ళు బతికారు. ఆ దారి పొడుగునా ఉన్న స్టేషన్లకు హాలిఫాక్స్‌లో ఏం జరిగిందో తెలియడానికి కూడా ఆ కబురు ఆధారమైంది.

అమెరికాలోని బోస్టన్ నగరం ఆ రాత్రే డాక్టర్లను, నర్సులను, మందులను ఎక్కించి రైలు పంపింది. అది మంచులో చిక్కుకుంటూ, ఆగుతూ ఎల్లుండి పొద్దున్నకు చేరింది. హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా రాష్ట్రం ఆ మేలు మర్చిపోలేదు. 1971 నుంచి ఏటా క్రిస్మస్‌కు ఒక పెద్ద చెట్టును బోస్టన్‌కు కానుకగా పంపుతోంది.

బండిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కప్ప అరుపులు ఆగిపోయాయి.

మా మనసు అక్కడి నుంచి నేరుగా మన భీమునిపట్నం వచ్చేసింది. మీలో చాలామందికి తెలిసిన సంగతే అయినా కుర్రవాళ్ళ కోసం చెప్పాలి. మన ఉత్తరాంధ్ర సంఘాలకూ ఆ నోవా స్కోషియాకూ పాత చుట్టరికం ఉంది. కెనడా తూర్పు తీరంలోని బాప్టిస్టు సంఘాలు 1873లో మిషనరీలను సయాం దేశానికి, అంటే ఇప్పటి థాయిలాండ్‌కు పంపాయి. అక్కడ పని సాగే వీలు తక్కువని తెలిసి 1875లో వాళ్ళను తెలుగు నేలకు మార్చాయి. భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం సంఘాల మొదళ్ళు అక్కడున్నాయి. శాన్‌ఫర్డ్, చర్చిల్, ఆర్మ్‌స్ట్రాంగ్ పేర్లు మన పెద్దల నోట విన్నాం.

అయితే ఆ రోజుల్లో భీమిలికి ఓడ వచ్చేదెలాగ? జెట్టీ లేదు. ఓడ దూరంగా లంగరు వేసి నిలబడేది. ఒడ్డుకీ ఓడకీ మధ్య విరిగే అలలు. వాటిలోంచి మనుషుల్నీ సామాన్లనీ తెచ్చినవి మసూలా పడవలు. ఆ పడవకు మేకులు ఉండవు. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ అలకి ఎదురు నిలిచి విరిగిపోతుంది. కుట్టిన పడవ అలతో పాటు వంగి, నీళ్ళు కొంచెం లోపలికి రానిచ్చి అయినా ఒడ్డు చేరుతుంది. ఓడ దిగిన దొరలను, దొరసానులను, పుస్తకాల పెట్టెలను అలల్లోంచి దాటించింది మన తీరం మనుషులు. ఆ పడవవాళ్ళ పేర్లు ఏ గుడి రాతి పలక మీదా మేము చూడలేదు. 12,000 కిలోమీటర్లకు పైగా ఉన్న దూరాన్ని ఓడ దాటింది. చివరి అర మైలు ఆ పేరు లేని మనుషులు దాటించారు. ఆ అర మైలు లేకపోతే మిగతాదంతా సముద్రంలోనే ఉండిపోయేది.

ఇక మేము హాలిఫాక్స్ ఎందుకు వెళ్ళామో చెబుతాం. ఇన్నాళ్ళూ బయటకు చెప్పలేదు. మా అమ్మాయే "రాయండి నాన్నా, ఇంకొకరికి పనికొస్తుంది" అంది, అందుకే రాస్తున్నాం.

పోయిన జనవరి సంగతి. అక్కడ ఆ నెలలో సాయంత్రం 5 గంటలకే చీకటి పడిపోతుంది. చదువు భారం, చేసే చిన్న ఉద్యోగం పోయింది, గదిలో తోడున్న అమ్మాయి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఫోను చేస్తే "బాగున్నాను" అనేది. ఆ మాట రోజురోజుకీ పొట్టిదైపోయింది. తర్వాత మూడు రోజులు ఫోను ఎత్తలేదు, మెసేజీకి జవాబు లేదు. మన దగ్గర తెల్లవారితే అక్కడ రాత్రి. తొమ్మిదిన్నర గంటల తేడా. ఆ మూడు రాత్రులూ మేము మోకాళ్ళ మీద ఉన్నాం. సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దలకు మాత్రమే చెప్పాం, వాళ్ళూ ఉపవాసం ఉన్నారు.

ప్రార్థన చేస్తూనే ఫోన్లు కూడా చేశాం. మన జిల్లా కుటుంబం ఒకటి టొరంటోలో ఉంది. వాళ్ళు హాలిఫాక్స్‌లో తమకు తెలిసిన ఒకరికి చెప్పారు. ఆ ఒకరు తమ గుడికి వచ్చే ఒక మలయాళీ నర్సమ్మకు చెప్పారు. ఆవిడ ఉండేది మా అమ్మాయి గదికి రెండు వీధుల అవతల. రాత్రి డ్యూటీ చేసి అప్పుడే ఇంటికి వచ్చింది. బూట్లు విప్పకుండా మళ్ళీ మంచులోకి దిగింది. పోయే ముందు కాస్త గంజి కాచి డబ్బాలో పోసుకుంది. తలుపు తట్టింది, తియ్యలేదు. మళ్ళీ తట్టింది. మూడోసారి మలయాళంలోనే ఏదో అంటూ తట్టిందట. భాష అర్థం కాలేదు గానీ "అది అమ్మ గొంతులా ఉంది" అని మా అమ్మాయి లేచి తలుపు తీసింది.

ఒళ్ళు కాలిపోతోంది. రెండు రోజులుగా తిండి లేదు. మనసు అంతకన్నా పాడైపోయి ఉంది. నర్సమ్మ గంజి తాగించి, డాక్టరు దగ్గరకు తీసుకుపోయి, రెండు వారాలు తన ఇంట్లోనే పెట్టుకుంది. ఒంటికే కాదు, మనసుకి కూడా వైద్యం చెయ్యించింది. ఇప్పుడు మా అమ్మాయి కోలుకుంది. ఆవిడని చేచీ అని పిలుస్తుంది, మలయాళంలో అక్క అని. మా పక్కన కూర్చుని నవ్విన నర్సమ్మ ఆవిడే. ఆ బండి టిక్కెట్లు కొన్నది కూడా ఆవిడే, మమ్మల్ని జేబులో చెయ్యి పెట్టనియ్యలేదు.

మేము మొదటిసారి ఆవిడను చూసినప్పుడు పాస్టరమ్మగారు రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. మాకు వచ్చిన ఇంగ్లీషులో "మీ రుణం తీర్చుకోలేం అమ్మా" అన్నాం. ఆవిడ ఇబ్బందిగా నవ్వి ఒకటే అంది, "రెండు వీధులే కదా."

బండిలో గైడు ఓడకీ ఒడ్డుకీ మధ్య మిగిలే ముక్క గురించి చెప్పినప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఇందుకే. మా ప్రార్థన సముద్రాలు దాటింది, నమ్ముతున్నాం. దేవుడు విన్నాడు, నమ్ముతున్నాం. కానీ విన్న దేవుడు ఆ గదికి పంపింది ఒక నర్సమ్మను, డబ్బాలో గంజిని, మంచు తొక్కిన బూట్లను. రెండు వీధులు ఎవరో ఒకరు నడవాలి.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాతం ఉన్న మనిషి కథ మీకు కంఠతా వచ్చు. ఈసారి చదివేటప్పుడు దూరం చూడండి. యేసుప్రభువు ఆ ఊళ్ళోనే ఉన్నాడు. రోగీ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. స్వస్థపరిచే శక్తి ఒకరి దగ్గర ఉంది, అవసరం ఇంకొకరి దగ్గర ఉంది. మధ్యలో ఒక వీధి, ఒక గుంపు, ఒక ఇంటి కప్పు. ఆ ముక్క దాటించింది నలుగురు. కప్పు విప్పి మంచంతో సహా దించారు. వాళ్ళు ఒక్క మాట మాట్లాడినట్టు గ్రంథంలో లేదు. పేర్లు లేవు. కానీ ప్రభువు ముందుగా వాళ్ళ విశ్వాసాన్ని చూశాడని రాసి ఉంది. మోసినవాళ్ళ విశ్వాసం.

అపొస్తలుల కార్యాల చివర్లో పౌలు ఎక్కిన ఓడ బద్దలైతే 276 మంది ఈదుకుంటూ, చెక్కలు పట్టుకుని మెలితే దీవి చేరారు. వాన, చలి. ఆ దీవివాళ్ళు చేసింది నిప్పు రాజేయడం. వాళ్ళకు పౌలు ఎవరో తెలియదు. తడిసిన మనుషులు వచ్చారని మాత్రం తెలుసు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వస్తాం. మన సంఘంలో ఇల్లిల్లూ లెక్క వేసుకోండి. ఒక కొడుకు హైదరాబాదు, ఒక కూతురు బెంగళూరు, ఒకరు గల్ఫు, ఇంకొకరు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద వేటకి. ఇంట్లో మిగిలింది ముసలివాళ్ళు. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. నెల తిరక్కుండా ఫోనులో డబ్బు వేస్తారు. డబ్బు ఒక్క క్షణంలో వస్తుంది. కానీ ఆ డబ్బుతో బీపీ మాత్ర కొని ఆ తల్లి చేతిలో పెట్టేది ఎవరు? మందుల షాపు ఐదు కిలోమీటర్ల దూరం, ఆవిడ మోకాళ్ళు ఆటో ఎక్కనివ్వవు. కొడుకు వీడియో కాల్ చేస్తాడు, తల్లికి ఏ గుర్తు నొక్కాలో తెలియక ఫోను మోగి మోగి ఆగిపోతుంది. ఓడ వచ్చింది, లంగరు వేసింది, ఒడ్డు కనబడుతోంది. మధ్య ముక్క మిగిలిపోయింది.

ఆ ముక్క పెద్దది కాదు, అందుకే ఎవరూ లెక్కలో వేసుకోరు. విదేశాల్లో ఉన్న మన బిడ్డల కోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తాం, మంచిదే. కానీ మన బిడ్డ కోసం అక్కడ ఒక పరాయి తల్లి రెండు వీధులు నడవాలని ఆశపడే మనం, ఇంకొకరి తల్లి కోసం ఇక్కడ రెండు వీధులు నడవాలి. అది బదులు తీర్చడం అనుకోకండి, బదులు ఎవరూ తీర్చలేరు. మనకు అందింది ఇంకొకరికి అందించడం, అంతే.

కాబట్టి మన సంఘంలో ఒక చిన్న పని మొదలుపెట్టాం. పిల్లలు దూరాన ఉండి పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇళ్ళు మన మూడు ఊళ్ళలో కలిపి 23 అని స్త్రీల సమాజంవాళ్ళు లెక్క తేల్చారు. అందులో మన సంఘంవి 14, మిగతావి కావు. 23 ఇళ్ళకూ వెళతాం. గంజి ఏ గుడిదని ఎవరూ అడగరు. ఒక్కో ఇంటికి దగ్గరలో ఉన్న ఒక్కో కుటుంబం. వారానికి రెండుసార్లు తలుపు తట్టాలి. మాత్రలు ఉన్నాయా, పొయ్యి వెలిగిందా, పిల్లల ఫోను వచ్చిందా, ఈ మూడు చూడాలి. "బాగున్నాను" అన్న మాట పొట్టిదైపోతే గుర్తుపట్టాలి. ప్రసంగాలు చెప్పనక్కర్లేదు, కాసేపు కూర్చుంటే చాలు.

దూరాన ఉన్న మన బిడ్డలకు ఒక మాట. మీరు ఉన్న హాస్టల్లో, మీరు ఎక్కిన బోటులో, మీ వీధి చివర గదిలో ఎవరి అమ్మో ఇక్కడ మోకాళ్ళ మీద ఉన్న కుర్రాడో అమ్మాయో ఉంటారు. భాష వేరైనా పర్వాలేదు. ఒకసారి తట్టి తియ్యకపోతే వెనక్కి రాకండి, చేచి మూడుసార్లు తట్టింది. మీ మనసే బాగాలేకపోతే ఎవరైనా తట్టినప్పుడు తలుపు తియ్యండి. తట్టేవాళ్ళు రాకపోతే మీరే ఫోను చెయ్యండి, మాకు ఏ అర్ధరాత్రి అయినా పర్వాలేదు.

ఇంతవరకు 16 ఇళ్ళకు మనుషులు కుదిరారు. ఏడు మిగిలాయి. పేర్లు రాసే పుస్తకం గుడి వాకిట బల్ల మీద ఉంది, పెన్ను దానికే కట్టి ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి పోయే ముందు చూడండి, ఆ ఏడు ఇళ్ళలో మీ ఇంటికి రెండు వీధుల్లో ఉన్నది ఏదో.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.